పదకొండు అడుగులు

"అమ్మా, పట్టుకోకు. నువ్వు అక్కడే ఉండు" అన్నాడు మావాడు. పట్టుకుని నడిచే రెండు ఇనుప కడ్డీలు, ప్యారలల్ బార్ల మధ్య నిలబడ్డాడు, కాళ్లకు ఊతమిచ్చే క్యాలిపర్లు, నుదుటి మీద చెమట. ఫిజియోథెరపీ మేడమ్ నన్ను కళ్లతోనే ఆపేసింది.

పదకొండు అడుగులు వేశాడు. పోయిన నెల నాలుగు దగ్గరే కూలబడిపోయాడు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే మా మండలం భవిత కేంద్రం బడి ఆవరణలోనే ఉంది. థెరపీ అవ్వగానే నేరుగా మూడో తరగతి గదికి వెళ్లిపోయాడు, తెలుగు పీరియడ్ పోలేదు. ఇదివరకు ఈ అరగంట వ్యాయామం కోసం బస్సెక్కి టౌనుకు పోయేవాళ్లం. ఆ రోజు బడి మొత్తం పోయేది.

మావాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి. కండరాలు బిగుసుకుపోతుంటాయి, రోజూ సాగదీయాలి. ఆ వ్యాయామాలు మేడమ్ మాకూ, క్లాస్ టీచర్‌కూ నేర్పించింది. ఇప్పుడు ప్రార్థన అప్పుడు వాడు గోడ పట్టుకుని నిలబడతాడు. పక్కన ఇద్దరు స్నేహితులు, తూలితే పట్టుకోవడానికి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. ఆ బడిలో ఈ రెండు ఇనుప కడ్డీలు కూడా ఉండటం నాకు ఎంత పెద్ద విషయమో చెప్పలేను.

వాళ్ల నాన్నకి ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాడు, పదకొండని.