వేరుశనగ ఊరిలో బున్యా గింజ

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో కింగరాయ్ వేరుశనగకు పేరుపొందిన పట్టణం. అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ఒక వేరుశనగ శుద్ధి కర్మాగారపు ప్రయోగశాలలో పనిచేస్తున్న నాకు దేశం మారింది గానీ పంట మారలేదు. వచ్చిన గింజల్లో తేమ ఎంత ఉందో చూడటం, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం పరిమితి దాటిందేమో పరీక్షించడం నా పని. అయితే వేరుశనగ ఈ నేలకు వలస వచ్చిన పంటే. ఇక్కడి సొంత గింజ నైరుతి దిక్కునున్న బున్యా కొండల్లో కాస్తుంది.

బున్యా చెట్టు పూలు పూయని శంఖాకార వృక్షజాతికి చెందినది. శాస్త్రజ్ఞులు దానిని అరౌకారియా బిడ్విల్లీ అంటారు. పది కిలోల దాకా తూగే దాని కాయలు జనవరి నుంచి మార్చి మధ్య చాలా ఎత్తు నుంచి రాలిపడతాయి కనుక ఆ నెలల్లో చెట్టు కింద నిలబడటం ప్రమాదకరం. కాయలో యాభై నుంచి వంద దాకా గింజలుంటాయి. విరగకాపు మాత్రం రెండు మూడేళ్లకొకసారే వస్తుంది.

మా కర్మాగారంలో అందరూ ఆంటీ అని గౌరవంగా పిలిచే వక్కా వక్కా అనే ఇక్కడి ఆదివాసీ జాతికి చెందిన ఒక పెద్దావిడ నాకు ఈ గింజలను మొదట ఇచ్చారు. ఉడికించి తింటే అచ్చం మన పనస గింజలా ఉంది. పోషకాల లెక్క కూడా ఆ రుచికి తగినట్టే ఉంది. వేరుశనగలో దాదాపు సగం కొవ్వు, నాలుగో వంతు మాంసకృత్తులు ఉంటే, పచ్చి బున్యా గింజలో సుమారు 40 శాతం నీరు, 40 శాతం పిండిపదార్థాలు, 9 శాతం మాంసకృత్తులు, 2 శాతం మాత్రమే కొవ్వు ఉంటాయి. అందువల్ల బాదం, అక్రోటు వంటి వాటిలోని మంచి కొవ్వుల వల్ల గుండెకు కలిగే మేలును దీని నుంచి ఆశించడం సరికాదు. దీని విలువ వేరే చోట ఉంది: ఇది కడుపు నింపే ఆహారం, పొటాషియం, మెగ్నీషియం కూడా ఇస్తుంది, గ్లూటెన్ లేదు కనుక గోధుమ పడనివారికి దీని పిండి పనికొస్తుంది. దీని దగ్గరి బంధువైన బ్రెజిల్ అరౌకారియా గింజలను ఉడికించి తిన్నప్పుడు తెల్ల బ్రెడ్డు తిన్నప్పటికంటే రక్తంలో చక్కెర తక్కువగా పెరిగిందని అక్కడి పరిశోధకులు చూపారు. మధుమేహం ఎక్కువగా ఉన్న మనవారికి ఇది ఆసక్తి కలిగించే విషయమే అయినా, అన్నానికి బదులుగా తినాలి తప్ప అన్నం మీద అదనంగా తినకూడదు.

ఈ విలువను మొదట గుర్తించినది ప్రయోగశాలలు కావు. విరగకాపు ఏట దూరదూరాల నుంచి ఆదివాసీ జాతులు ఈ కొండలకు చేరి, గింజలను పచ్చిగానూ కాల్చీ తిని, దంచి రొట్టెలు చేసుకొని, కొన్నింటిని తడి మట్టిలో పాతి దాచుకొని, వివాహాలూ తగవుల పరిష్కారాలూ అక్కడే జరుపుకునేవారు. బున్యా చెట్లున్న భూముల్లో వలసదారులు స్థిరపడకూడదనీ కలప కొట్టకూడదనీ 1842లో, ఈ ప్రాంతం న్యూ సౌత్ వేల్స్ వలసరాజ్యంలో ఉన్నప్పుడు, దాని గవర్నర్ గిప్స్ ఆజ్ఞ జారీ చేశారు. క్వీన్స్‌ల్యాండ్ వేరే వలసరాజ్యమయ్యాక, 1860లో ఆ రక్షణను తొలగించారు. ఆ తర్వాత కలప కోసం రంపాలు వచ్చాయి, మనుషులను వారి నేల నుంచి తరిమివేశారు, ఆ మహా సమావేశాలు ఆగిపోయాయి. ఈ గింజను ఆరోగ్యాహారంగా అమ్మేవారు ఆ ప్రజలకు అందులో భాగం ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

తినదలచినవారు బున్యా కొండల జాతీయ ఉద్యానవనంలో ఏరకూడదు. ఊళ్లలో, పొలాల్లో చెట్లున్నవారిని అడిగితే ఇస్తారు. నా వృత్తి నేర్పిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఇంత తేమ ఉన్న గింజకు బూజు త్వరగా పడుతుంది, కనుక ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడుకోవాలి, లేదా ఫ్రీజర్‌లో దాచుకోవాలి. కాల్చేముందు పెంకుకు గాటు పెట్టకపోతే గింజ పేలుతుంది. కుక్కర్‌లో ఉప్పునీటితో మెత్తగా ఉడికించి, వేడి మీదే పెంకు ఒలిచి, మసాలా కూరలో వేసుకోవడం మా ఇంటి పద్ధతి.