అడుగుకీ తాళానికీ మధ్య రెండు ఫ్రేములు

మా అక్క కూతురి కూచిపూడి రంగప్రవేశానికి మూడు కెమెరాలు పెట్టాం. స్టేజీకి ఎదురుగా ఒకటి, పిల్ల నిలువెత్తునా కనిపించేలా. నట్టువాంగం చేసేవారి (చేతాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించేవారి) పక్కన ఇంకొకటి, మొహం దగ్గరగా పట్టడానికి. మూడోది హాలు చివర బాల్కనీలో స్టాండుకి బిగించిన నా ఫోన్. సౌండ్ మాత్రం మిక్సర్ నుంచి విడిగా రికార్డర్‌లోకి తీసుకున్నాం. కెమెరాలు రెండూ పాతవి, 29 నిమిషాల 59 సెకన్లు కాగానే వాటంతటవే ఆగిపోతాయి. చూసుకుని మళ్లీ బటన్ నొక్కేలోపు కొంత పోతుంది. గంటన్నర పైగా ఆగకుండా తీసింది ఫోన్ ఒక్కటే.

ఎడిటింగ్‌కి డావిన్సి రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడాను. చాలా కెమెరాల వీడియోలని ఒకేచోట పేర్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే మల్టీక్యామ్ అందులోనూ ఉంది. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నది) మాత్రం మొదట్లోనే 25 అని పెట్టుకోవాలి, తర్వాత మార్చనివ్వదు. మీడియా పూల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్‌తో మల్టీక్యామ్ క్లిప్ చేసి, సింక్ దేన్ని బట్టి చేయాలో అడిగినచోట సౌండ్ అని ఇచ్చాను. సౌండ్ తరంగాలు ఒకదాని కింద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ప్లే చేస్తూ 1, 2, 3 నొక్కితే ఆ కెమెరాకి కట్ పడుతుంది. అయితే కట్ వీడియోకి మాత్రమే పడేలా ముందే పెట్టుకోవాలి. లేకపోతే కట్ పడిన ప్రతిసారీ సౌండ్ కూడా మారిపోయి, మృదంగం ఒకసారి చెవి పక్కన, ఒకసారి బావిలో మోగినట్టు ఉంటుంది.

మొదటి కాపీ గురువుగారికి చూపించాను. పుష్పాంజలి, జతిస్వరం బాగానే చూశారు. గంట దాటాక ఫోన్ షాట్ వచ్చినచోట ఆపమన్నారు. "బాబూ, పిల్ల ఎక్కడా తాళం తప్పలేదు. ఇక్కడ తప్పినట్టు కనిపిస్తోంది" అన్నారు. ఆ మాటకి నాకు టెన్షన్ పట్టుకుంది. పదేళ్లు నేర్చుకుని ఆడిన పిల్ల, నా ఎడిటింగ్ వల్ల తప్పు అడుగు వేసినట్టు కనిపించకూడదు కదా.

ఇంటికొచ్చి ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ జరుపుతూ చూశాను. సౌండ్ సరిగ్గానే కలిసి ఉంది, జారింది బొమ్మ. ఆ ఫైల్‌ని, వీడియో వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిస్తే ఫ్రేమ్ రేట్ వేరియబుల్ అని చూపించింది. ఫోన్లు వెలుతురును బట్టీ వేడిని బట్టీ సెకనుకి తీసే ఫ్రేముల్ని కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ఎడిటింగ్‌లో వాటిని సమానంగా పరిచేసరికి, మొదట్లో తెలియని తేడా గంట తిరిగేసరికి కంటికి కనిపించేంత అయింది. వీడియోల్ని మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ 25 ఇచ్చి, రాత్రంతా కన్వర్ట్ అవ్వనిచ్చాను. వేగంగా తిరిగేచోట చిన్న కుదుపు వచ్చింది, అయినా జారడం పోయింది.

అయినా ఏదో వెలితి. పాదం నేలని తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపి చూస్తే, తాళం మోత రెండు ఫ్రేముల తర్వాత మొదలవుతోంది. మొదట్లోనూ చివరా అంతే తేడా, పెరగడం లేదు. బాల్కనీ స్టేజీకి దాదాపు 30 మీటర్ల దూరం. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఫోన్ దాకా రావడానికి 0.09 సెకను పట్టింది. 25 ఫ్రేముల లెక్కలో అది రెండు ఫ్రేముల పైచిలుకు. ఆలస్యంగా విన్న సౌండ్‌ని మిక్సర్ సౌండ్‌తో కలిపితే బొమ్మ ముందుకొచ్చేస్తుంది మరి! మల్టీక్యామ్ క్లిప్‌ని టైమ్‌లైన్‌లో తెరిచి, ఫోన్ వీడియోని రెండు ఫ్రేములు కుడివైపుకి జరిపాను. మాటల వీడియో అయితే ఇంత తేడా ఎవరూ పట్టుకోరేమో. గజ్జెల అడుగు దగ్గర మాత్రం తెలిసిపోతుంది.

కట్‌ల విషయంలో గురువుగారు చెప్పినవి రెండే. జతి (తాళానికి తగ్గ అడుగుల వరస) నడుస్తుండగా కట్ చేయొద్దు, దాన్ని ముగించే తీర్మానం పడ్డాకే మార్చు. పళ్లెం మీద నిలబడి ఆడే తరంగంలో మాత్రం పాదాలు తెర దాటి పోకూడదు. దాంతో అభినయం ఉన్నచోట్ల తప్ప దగ్గరి షాట్లు చాలావరకు తీసేశాను. నాకు ఎంతో నచ్చినవీ పోయాయి.

కానీ ఎదుటి కెమెరా ఆగిపోయింది సరిగ్గా తరంగంలోనే, పిల్ల ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ముందుకి కదులుతున్నప్పుడు. పదకొండు సెకన్లు లేవు. అక్కడ ఫోన్ షాట్ వేశాను. పైనుంచి తీసింది కాబట్టి పళ్లెమూ రెండు పాదాలూ స్పష్టంగా కనిపిస్తాయి.

రెండోసారి చూసేటప్పుడు ఆ చోటు గురించి గురువుగారికి ముందుగా చెప్పలేదు. ఆవిడ మొదటి నుంచీ మోకాలి మీద చేత్తో తాళం వేస్తూనే ఉన్నారు. పదకొండు సెకన్లూ గడిచాయి, మళ్లీ ఎదుటి కెమెరా వచ్చింది. చెయ్యి ఆగలేదు.