అర మార్కు కొరెల్లా

పదకొండు దాటింది. ఈయన గురక మొదలైంది. నాకేమో చిన్నదాని చార్టు మీద ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఆ ఒక్క ముక్కే కళ్ల ముందు ఆడుతోంది.

బొమ్మ బాగా వేసింది. మా వీధి చివరి గ్రౌండులో సాయంత్రాలు దిగే తెల్ల పక్షుల్ని చూసి వేసింది. కంటి చుట్టూ లేత నీలం, కంటికీ ముక్కుకీ మధ్య కాస్త గులాబీ రంగు, అణిగి ఉన్న పొట్టి జుట్టు, ఏదీ వదల్లేదు. కింద ‘వైట్ కాకటూ’ అని రాసింది. టీచరమ్మ అది కొట్టేసి పైన ‘కొరెల్లా’ అని రాసి అర మార్కు కోసింది. అర మార్కుకి ఇంత రాద్ధాంతమా అన్నారు ఈయన. ఆయన సంగతి మీకు తెలిసిందేగా, ఇల్లు కాలుతున్నా ముందు టీ పెట్టమంటారు.

కొరెల్లా కాకటూ కాకపోతే మరేమిటి? కాకటూలంటే నెత్తిన జుట్టుండే చిలకలు, ఆ కుటుంబంలో 21 జాతులున్నాయి. వాటిలో తెల్లగా, పొట్టి జుట్టుతో, పాలిపోయిన ముక్కుతో ఉండేవాటిని ఇక్కడ ఆస్ట్రేలియాలో కొరెల్లాలంటారు. న్యూ సౌత్ వేల్స్‌లోని విరాజురి అనే ఆదివాసుల భాషలోంచి వచ్చిన పేరట. పసుపు జుట్టు విసనకర్రలా విప్పుకునే పక్షిని మాత్రం జనం ఉత్త కాకటూ అనేస్తారు, టీచరమ్మ మనసులో ఉన్నదీ అదే అయ్యుంటుంది. అయినా కుటుంబం మొత్తానికి ఉన్న పేరు రాస్తే తప్పెలా అవుతుంది? ఇంకొంచెం వివరంగా రాయమ్మా అని పక్కన ఒక మాట రాస్తే పోయేది కదా, కొట్టెయ్యడం ఎందుకు? పైగా ఎర్ర పెన్ను. పిల్ల రెండు రోజులు నేల మీద పడుకుని రంగులేసింది.

లంచ్‌లో మా ఆఫీసు రష్యా అమ్మాయికి ఈ గోడు చెప్పుకుంటే ఇంకో గందరగోళం. వాళ్లింట్లో చిన్నప్పుడు పంజరంలో కొరెల్లా ఉండేదట. ఫోన్‌లో ఫొటో చూపించింది. బూడిద రంగులో, బుగ్గ మీద నారింజ చుక్కతో, అచ్చం కాకటీల్ అనే ఇంకో చిన్న జుట్టు చిలక! రష్యన్‌లో దానికే ఆ పేరట. ఆవిడ రాసినా అర మార్కు పోయేదన్నమాట.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఎందుకో తాత గుర్తొచ్చాడు. బనగానపల్లె దగ్గర మా జొన్నచేను. కంకి పాలు పట్టే రోజుల్లో పిట్టలు తోలడానికి మమ్మల్ని మంచె ఎక్కించేవాడు. పైన జొన్నరొట్టె మూట, నీళ్ల చెంబు, కొట్టడానికి ఒక పాత నూనె డబ్బా. నాకు ఆ డబ్బా అంటే ప్రాణం. ఏం కనబడినా “పిట్టలు, పిట్టలు” అని అరిచి డబ్బా వాయించేదాన్ని. తాత గట్టు మీంచే “ఏం పిట్టలు మే?” అని గద్దించేవాడు. చిలకలైతే డబ్బా మోతకి గుంపుకి గుంపే లేచిపోతుంది. అవి తినేదానికంటే కొరికి పారేసేదే ఎక్కువ కాబట్టి క్షణం ఆలస్యం చెయ్యకూడదు. పిచ్చుకలూ గిజిగాళ్లూ డబ్బాకి బెదరవు, లేచినట్టే లేచి నాలుగు సాళ్ల అవతల దిగుతాయి. వాటికి వడిసెల. పాలపిట్ట వాలితే అసలు చెయ్యెత్తకూడదు, అది పురుగుల కోసం వచ్చింది. పేరు చెప్పకుండా అరిస్తే తాతకి డబ్బా కొట్టమనాలో, వడిసెల అందుకోవాలో, ఊరికే కూర్చోమనాలో తెలిసేది కాదు. ఒకసారి పాలపిట్టని బెదరగొట్టానని మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఆ రోజు రొట్టెలోకి ఉల్లిగడ్డ కూడా నాకు పెద్ద ముక్క ఇవ్వలేదు.

అది తలుచుకున్నాక టీచరమ్మ మీద కోపం కొంచెం తగ్గింది, ఒప్పుకోక తప్పదు. పైగా పుస్తకాల్లో ‘వైట్ కాకటూ’ అన్న పేరు ఇండోనేషియాలోని హల్మహెరా వైపు ఉండే ఇంకో పక్షిది. గొడుగులాంటి తెల్ల జుట్టు దానికి. మా గ్రౌండులో అది వాలదు. పోనీ, దిద్దితే దిద్దింది.

కానీ దిద్దినావిడ సగంలో ఎందుకు ఆగింది? పెర్త్‌లో ఉంటూ ఒట్టి కొరెల్లా అంటే ఏ కొరెల్లా? నగరంలో గోల చేసేది ఎక్కువగా లిటిల్ కొరెల్లా. ఉత్తరాన కింబర్లీలో అది సొంత ఊరి పక్షే కానీ, పెర్త్‌లో మాత్రం పంజరాల్లోంచి తప్పించుకున్నవీ వదిలేసినవీ పెరిగి గుంపులయ్యాయి. గొంతు దగ్గర నారింజ గీతతో, పొడుగు ముక్కుతో నేల తవ్వేది లాంగ్-బిల్డ్ కొరెల్లా, అదీ దేశం తూర్పు వైపు నుంచి వచ్చిందే. ఈ రెండూ చెట్ల కొమ్మలు కొరికి, వీధిదీపాల వైర్లు తెంపి, ఆటస్థలాల గడ్డి పెరికేస్తాయని పట్టి చంపుతుంటారు. ఇక మూడోది, వెస్టర్న్ కొరెల్లా, అచ్చంగా మా పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రానిదే. అందులో మ్యూర్ సరస్సు వైపు ఉండే రకాన్ని ఒకప్పుడు పంటలు పాడుచేస్తున్నాయని రైతులు కాల్చి, విషం పెట్టి దాదాపు తుడిచిపెట్టేశారు. తర్వాత కాపాడుకుంటే కోలుకుంది. దూరం నుంచి చూస్తే మూడూ తెలుపే. ఒకదాన్ని చంపుతారు, ఒకదాన్ని ముట్టుకుంటే కేసు. “ఏం పిట్టలు మే” అని అడగాల్సింది ఇక్కడ కదా, మేడమ్!

రాత్రి అన్నం తినేటప్పుడు చిన్నదాన్ని అడిగాను, గొంతు దగ్గర నారింజ గీత ఏమైనా చూశావా అని. “లేదమ్మా, ఉంటే వేసేదాన్ని కదా” అంది చిరాగ్గా. ముక్కు కూడా పొట్టిగానే వేసింది. అయితే లిటిల్ కొరెల్లానే. చార్టు గోడకి పెట్టే ముందు పెన్సిల్‌తో పక్కన ‘లిటిల్’ అని చేర్చుకోవే అన్నాను. వద్దంది. ఇంకో అర మార్కు పోతుందట.