మా చెల్లె అర్జీ: నా అనుభవం

నల్లగొండలో క్లాక్ టవర్‌కు దగ్గర్లో నాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, దశదిన కర్మ కార్డులు, వీటన్నిటికంటే ఎక్కువగా అర్జీలు. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎనిమిదికే షట్టర్ తీస్తాను. దేవరకొండ, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున బస్సు దిగి నేరుగా షాపుకే వస్తారు, వాళ్లు చెప్తుంటే నేను టైప్ చేస్తాను. భూమి తగాదా, పింఛను, రేషన్ కార్డు, విడిపోయిన కొడుకు తిండి పెట్టడం లేదని తల్లి ఫిర్యాదు, ఏదైనా పది నిమిషాల్లో కాగితం మీద పెట్టగలను. అలాంటిది 2023 ఫిబ్రవరిలో మా ఇంటి అర్జీ రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యమే రాలేదు.

నా తర్వాత పుట్టిన బిడ్డను మేమంతా ఇరవై ఆరేళ్లు తమ్ముడు అనుకున్నాం. ఆమె ట్రాన్స్ మహిళ, నాకు చెల్లె. పేరు రాయొద్దని తనే అడిగింది కాబట్టి కొత్త పేరు రాయడం లేదు. పాత పేరు రాసే హక్కు నాకు లేదు, అది అడిగేవాళ్లకు కూడా చెప్పను. కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఉండి, 2021లో తిరిగొచ్చి ఇక్కడే ఒక టైలరింగ్ షాపులో పని చేస్తోంది. బ్లౌజ్ కుట్టడంలో మంచి చేయి.

కావాల్సింది ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు. బ్యాంకులో ఖాతా దగ్గర, అద్దె ఇంటి దగ్గర, ఆధార్ చూపించాల్సిన ప్రతిచోటా పాత పేరు, పాత ఫోటో బయటపడేవి, ఆ తర్వాత చూపులు, ప్రశ్నలు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లో ఉంది, దాని నిబంధనలు అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చాయి, నవంబర్‌లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ పెట్టింది. మేం దరఖాస్తు చేసినప్పటి పద్ధతి చెప్తాను. సెక్షన్ 5 కింద కలెక్టర్‌కు దరఖాస్తు, దానితో పాటు నోటరీ చేయించిన అఫిడవిట్. వైద్య పరీక్ష గానీ శరీర పరీక్ష గానీ లేకుండానే ఇవ్వాలని అప్పటి నిబంధనల్లో స్పష్టంగా ఉండేది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో సర్టిఫికెట్, ఆ తర్వాత 15 రోజుల్లో కార్డు. సెక్షన్ 6 కింద వచ్చే సర్టిఫికెట్‌లో ట్రాన్స్‌జెండర్ అని ఉండేది. స్త్రీ అని గానీ పురుషుడు అని గానీ మార్చుకోవాలంటే, సర్జరీ తర్వాత ఆస్పత్రి మెడికల్ సూపరింటెండెంట్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ ఇచ్చిన పత్రంతో సెక్షన్ 7 కింద మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. ఈ రెండింటికీ తేడా తెలియక చాలామంది తిరిగేవాళ్లు, అప్పట్లో మొదటి దానికి సర్జరీతో ఏ సంబంధం లేదు.

ఆన్‌లైన్ ఫారం నింపడం పెద్ద కష్టం కాలేదు. దానికి తోడు ఒక అర్జీ కూడా ఉంటే మంచిదని, అవసరమైతే ప్రజావాణిలో ఇవ్వొచ్చని నేనే మొదలుపెట్టాను. అలవాటు ప్రకారం ఇలా రాశాను: “నా తమ్ముడు పుట్టుకతో మగవాడు అయినప్పటికీ లింగమార్పిడి చేసుకొని ఆడదానిగా మారినాడు. దీనస్థితిలో ఉన్న అతనిపై దయ తలచి గుర్తింపు కార్డు మంజూరు చేయగలరని ప్రార్థన.” ప్రింట్ తీసి చెల్లె చేతిలో పెట్టాను. తను చాలాసేపు చదివింది. రెండు వాక్యాలకు అంతసేపు ఎందుకు పడుతుందో నాకు అర్థం కాలేదు.

“అన్నా, ఇందులో నేను ఎక్కడున్న?” అంది.

ఆ తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కొని ఒక్కో మాటా చూపించింది. లింగమార్పిడి అంటే సర్జరీ అనే అందరూ అనుకుంటారు, నేను చేయించుకున్ననా లేదా అన్నది కలెక్టర్‌కు ఎందుకు, జిరాక్స్ తీసేవాళ్లకు ఎందుకు అంది. ఆడదానిగా మారినాడు అన్నావు, నేను ఏమీ మారలేదు అన్నా, ఇప్పుడు కాగితాలు మారుతున్నయి అంతే అంది. దీనస్థితి అన్న మాట దగ్గర కొంచెం కోపం కూడా వచ్చింది. నెలకు ఎన్ని బ్లౌజులు కుడుతున్ననో నీకు తెల్వదా, నా కిరాయి నేనే కట్టుకుంటున్న కదా అని. దయ తలచి అన్నదాన్ని పెన్నుతో కొట్టేసి, “చట్టంల ఉంది కదా, మరి దయ ఎందుకు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎన్నో ఏళ్లుగా అందరి అర్జీల్లోనూ ఆ మాట రాస్తున్నాను, ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి చట్టంలో హక్కుగా ఉన్న దేనికీ ‘దయ’ రాయడం మానేశాను, వితంతు పింఛను అర్జీకైనా సరే.

అసలు చిక్కు క్రియ దగ్గర. తెలుగులో నేను వచ్చాను, నువ్వు వచ్చావు, మీరు వచ్చారు అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. పక్కన ఉన్న మనిషి గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడే వచ్చాడు, వచ్చింది అని తేలిపోతుంది. సర్వనామం తప్పించి రాసినా క్రియ పట్టిస్తుంది. ‘తను’ అని రాశాననుకోండి, చివర ఏదో ఒకటి రాయక తప్పదు. రాత్రి షాపు మూసి ఇంటికి పోతూ దీని గురించే ఆలోచించాను, మరుసటి రోజు పొద్దున తట్టింది, అసలు ఈ అర్జీ నేనెందుకు చెప్తున్నాను? చెల్లె చెప్పాల్సిన మాటలు అన్నగా నా నోటితో చెప్పడం వల్లనే కదా ఈ తిప్పలన్నీ. మొత్తం తీసేసి ‘నేను’ అని మొదలుపెట్టాం. “నేను ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని. పుట్టినప్పుడు నమోదైన లింగం నా లింగ గుర్తింపు కాదు. సెక్షన్ 5 ప్రకారం సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేసుకుంటున్నాను.” అంతే, మూడు వాక్యాలు. అఫిడవిట్ నమూనాలో ఉన్న భాష కూడా ఇంచుమించు ఇదే, అందులోనూ మనిషి తన గురించి తానే ప్రకటించుకుంటారు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పింది కూడా అదే కదా, తన లింగ గుర్తింపు ఏమిటో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదే అని.

సర్టిఫికెట్ 30 రోజుల్లో రాలేదు. మధ్యలో ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకొని రమ్మని. పోయాం. అక్కడి సీటులో ఉన్నాయన చెడ్డవాడేం కాదు, కానీ నా వైపే చూసి మాట్లాడాడు, “వీడికి ఆపరేషన్ అయిందా?” అని. చెల్లె పక్కనే నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండింది, గొడవ పెట్టుకుంటే పని ఆగిపోతుందేమోనని టెన్షన్ కూడా. చెల్లెనే ముందుకొచ్చి, “సార్, దరఖాస్తు నాది, నన్ను అడగండి” అంది. నిబంధనల కాపీ ప్రింట్ తీసి తెచ్చుకున్నాం, వైద్య పరీక్ష అక్కరలేదన్న వాక్యం కింద గీత గీసి ఉంది, అది చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు. “సరే అమ్మా, పైకి పంపిస్త” అన్నాడు. బయటికొచ్చాక చెల్లె ఆ గీత గీసిన కాగితం సంగతే ఎత్తలేదు, అమ్మా అన్నాడు విన్నవా అన్నా అని బస్టాండ్ దాకా అదే చెప్పింది. ఏప్రిల్ రెండో వారంలో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అయింది, కార్డు మే నెలలో. ఆధార్ ఫారంలో పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్ అని మూడు గడులు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఈ సర్టిఫికెట్ పెట్టాక పేరు, వివరాలు మారడానికి పెద్ద ఇబ్బంది కాలేదు.

ఆ ఏడాది జులైలోనే తెలంగాణ హైకోర్టు 1329 ఫసలీ (నిజాం కాలపు ఏడాది లెక్క) నాటి చట్టాన్ని కొట్టేసింది. 1919లో నిజాం కాలంలో వచ్చిన చట్టం అది, మన నల్లగొండ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోదే. పేరులోనే ‘నపుంసకులు’ అని ఉంటుంది. వాళ్ల పేర్లతో రిజిస్టర్ పెట్టాలి, అందులో పేరున్నవాళ్లు ఆడబట్టలు కట్టుకొని బజారులో కనిపించినా, పాడినా, ఆడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైలు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు కోర్టుకు పోతేనే అది పోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు షాపులో పని సాగలేదు. చెల్లె రోజూ చీర కట్టుకొని ఈ బజారులోనే నడిచి పనికి పోతుంది. నూరేళ్ల కింద ఎవరో రాసిన ఒక్క కాగితం ప్రకారం, ఆ రిజిస్టర్‌లో పేరుంటే అది నేరం. రాసేవాడి చేతిలో ఎంత ఉంటుందో అర్జీలు రాసే నాకు తెలియాల్సింది, అప్పటిదాకా అంత తెలియలేదు.

ఇంట్లో మాటలు కాగితాలకంటే మెల్లగా మారాయి. మా అమ్మకు మొదట్లో నోరు తిరగలేదు, నలభై సార్లు కొడకా అని నాలుక కరుచుకునేది. తర్వాత తనే ఒక దారి కనిపెట్టింది, ‘బిడ్డా’ అని పిలవడం మొదలుపెట్టింది. మన దగ్గర కొడుకూ బిడ్డా అంటే బిడ్డ ఆడపిల్లే కదా, పిలిచేటప్పుడు మాత్రం మగపిల్లవాణ్నీ బిడ్డా అంటాం, కాబట్టి అమ్మకు కొత్తగా ఏమీ అనిపించలేదు, చెల్లెకు మాత్రం తాను కోరుకున్న మాట దొరికింది. నా భార్య అందరికంటే త్వరగా అలవాటు పడింది. మరిది పోయి ఆడబిడ్డ వచ్చింది, ఇద్దరం కలిసి నిన్ను ఆడిపోసుకోవచ్చు అంది నాతో. నేను చేసిన తప్పు వేరు. ‘వాడు’ అనకూడదని గట్టిగా అనుకొని, ‘ఆమె’ అనడానికి నోరు రాక, వారు వచ్చారు, వారు తిన్నారు అని మాట్లాడేవాణ్ని. మర్యాదగానే ఉంది కదా అనుకున్నాను. ఒకరోజు చెల్లె అడిగేసింది, “వదినను ఆమె అంటవు, అమ్మను ఆమె అంటవు, నన్ను మాత్రం వారు అంటవేంది, నేను చుట్టాన్నా?” అని. తెలియని మనిషి గురించి రాసేటప్పుడు ‘గారు’, ‘వారు’, ‘వచ్చారు’ చాలా మంచి దారి, ఆడా మగా రెండూ కాదనుకునేవాళ్లకు కూడా అది నప్పుతుంది. తాను ఆడమనిషినని చెప్పిన మనిషికి ఆ మాట తప్పించుకోవడంలా వినిపిస్తుందని అప్పుడు తెలిసింది. మరి చిన్నప్పటి నుంచి ‘ఏందిరా’ అని పిలిచాను కదా, అది కూడా మానాలా అని అడిగాను. అది మానొద్దు అంది. “నువ్వు రా అంటే చిన్నప్పుడు పానగల్లు చెరువు కాడికి తీసుకపోయింది యాదికొస్తది. నలుగురిల మాత్రం వాడు అనకు.” నేనొక్కణ్నే ఊహించుకుని ఉంటే ఈ రెండూ తలకిందులుగా చేసేవాణ్ని.

కార్డు వచ్చిందని తెలిసి, షాపుకు పాంప్లెట్ల కోసం వచ్చే ఒక విలేకరి వార్త రాస్తానన్నాడు. నేను వద్దనలేదు, చెల్లె కూడా ఒప్పుకుంది, ఇంకో నలుగురికి దారి తెలుస్తుందని. రాసింది ముందు చూపించమన్నాం. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, పాత పేరు బ్రాకెట్లో రాసి, హిజ్రాగా మారిన యువకుడు అని హెడ్డింగ్ పెట్టుకొచ్చాడు. హిజ్రా అనేది గురువు, చేలాలు (శిష్యులు), పద్ధతులు ఉన్న ఒక సమాజం, చెల్లె అందులో లేదు, ట్రాన్స్ మహిళలంతా హిజ్రాలు కారు అని అతనికి తెలియదు. పాత ఫోటో తీసేయమన్నాం, పాత పేరు తీసేయమన్నాం, దరఖాస్తు ఎలా చేయాలో నాలుగు లైన్లు ఎక్కువ రాయమన్నాం. అలా అయితే వార్తలో ఏముంటది అన్నా అన్నాడు. చివరికి వార్త రాలేదు. చెల్లె బాధపడలేదు, నేనే రెండు రోజులు కోపంగా ఉన్నాను.

2024లో మా పాపకు శారీ ఫంక్షన్ చేశాం. కార్డు నేనే డిజైన్ చేశాను. అంతకుముందు ఏ శుభకార్యం కార్డులోనైనా చెల్లె పేరు చిన్నాయనల వరుసలో ఉండాల్సింది, నిజానికి హైదరాబాద్ పోయాక ఎక్కడా లేదు. ఇప్పుడు మేనత్త అని వేయాలి. మా పాప అప్పటికే అత్తా అని పిలుస్తోంది, దానికి ఎవరూ నేర్పలేదు. నాయన వైపు చుట్టాల్లో ఒక పెద్దాయన కార్డు పంచేటప్పుడు గొణిగాడు, ఇది వరుసలు చెడగొట్టడం కదా అని. అమ్మ లేచి, “నా బిడ్డ పేరు నా ఇంటి కార్డుల ఉండక నీ ఇంటి కార్డుల ఉంటదా” అంది. ఆయన ఫంక్షన్‌కు వచ్చాడు, తిన్నాడు, చెల్లె హారతి పళ్లెం పట్టుకొచ్చినప్పుడు అందరిలాగే అందులో వంద రూపాయలు వేశాడు. నేను అదే చూస్తూ ఉండిపోయాను, ఫోటోగ్రాఫర్ పిలుస్తున్నా వినపడలేదు.

ఇంకా పదో తరగతి మెమో మిగిలింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మిగతా పత్రాల్లోనూ పేరు మార్చుకోవచ్చని చట్టంలోనే ఉంది, కానీ ఆ కాగితం ఇంకా కదలాలి. దానికి అర్జీ నిన్న సాయంత్రం షాపులో తయారైంది. ఈసారి కీబోర్డు ముందు చెల్లె కూర్చుంది, నేను పక్కన కస్టమర్‌కు జిరాక్స్ తీసి ఇచ్చి వచ్చేసరికి పేజీ పూర్తయింది. ‘ధ్రువీకరణ’లో ఒక ఒత్తు పోయింది, అది సరిచేసి ప్రింట్ ఇచ్చాను.