చెన్నై ఎండకు గేమింగ్ పీసీ: ఫ్యాన్ల కన్నా ముందు వాట్ల సంగతి చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడి తెలుగు గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలకి పోతోంది, ఏ ఫ్యాన్ కొనమంటారు?" ఎలక్ట్రానిక్స్ బజారైన రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లి నాలుగు ఆర్‌జీబీ (రంగు దీపాల) ఫ్యాన్లు తెచ్చుకునే ముందు చిన్న లెక్క వేయండి. ఫ్యాన్ వేడిని మాయం చేయదు, కార్డు మీద నుంచి గదిలోకి తోస్తుంది, అంతే. పీసీ 400 వాట్లు లాగుతుంటే దాదాపు ఆ 400 వాట్లూ చివరికి వేడిగా మారి గదిలోనే ఉంటాయి. తలుపులు బిగించిన పదికి పన్నెండు అడుగుల గదిలో అదొక చిన్న రూమ్ హీటరు. క్యాబినెట్‌లోకి పోయే గాలి 24 డిగ్రీల నుంచి 34కు పెరిగితే, అదే ఆటకు, అదే ఫ్యాన్ స్పీడుకు 72 దగ్గరుండే కార్డు 82కు చేరుతుంది. గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు అన్ని డిగ్రీలే.

కత్తిరి రోజుల్లో (మే నెల నడి ఎండల్లో) చెన్నైలో రాత్రి కూడా ఉష్ణోగ్రత 28 కన్నా పెద్దగా దిగదు. పై అంతస్తు గదైతే పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి వదులుతూనే ఉంటుంది. ఇక్కడ ఫ్యాన్ల పప్పులు ఉడకవు. కొందరు ఎయిర్ కూలరు తెచ్చి క్యాబినెట్ పక్కన పెడతారు. సముద్రపు తేమ ముందే నిండిన గాలిలో నీళ్లు సరిగా ఆవిరి కావు కాబట్టి చల్లదనం రాదు, గదిలో తేమ మాత్రం పెరుగుతుంది. ఏసీ ఉన్నవాళ్ల లెక్క వేరు: 1 టన్ను ఏసీ గదిలోంచి సుమారు 3,500 వాట్ల వేడిని తోడగలదు. మీ 400 వాట్లు అందులో పదోవంతుకు పైనే. వాటిని తోడడానికి ఏసీ ఇంకో వంద వాట్లకు పైగా కాలుస్తుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున రెండు నెలల ఈబీ (కరెంటు) బిల్లుకు పీసీ వాటా 96 యూనిట్లు, ఏసీ ఖర్చు కాకుండానే. 500 యూనిట్లు దాటితే రేట్లు ఎలా మారతాయో చెన్నైలో ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి మొదట చేయాల్సింది వాట్లు తగ్గించడం. అందులో ఎక్కువ ఫలితం ఇచ్చేది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు అందే వోల్టేజ్ తగ్గించడం. చిప్ కాల్చే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. 1.05 వోల్టుల నుంచి 0.85కు దించితే, క్లాక్ (చిప్ వేగం) అదే ఉన్నా, చిప్ వాడకం మూడో వంతు తగ్గుతుంది. మెమరీ, వీఆర్‌ఎం (చిప్‌కు వోల్టేజ్ సరిచేసి ఇచ్చే భాగం), ఫ్యాన్ల వాటా తగ్గదు కనుక మొత్తం కార్డు మీద అంత కనపడదు. ఆర్‌టీఎక్స్ 3080 ఉందనుకోండి. కంపెనీ లెక్కన 320 వాట్లు. 1,800 మెగాహెర్ట్జ్‌ను 850 మిల్లీవోల్టుల దగ్గర ఆపితే ఆటను బట్టి 240 నుంచి 270 వాట్ల మధ్య తిరుగుతుంది. సెకనుకు గీసే ఫ్రేముల్లో పోయేది కొద్ది శాతమే, ఆడేటప్పుడు తెలియదు.

పద్ధతి ఇది. కార్డును సర్దే సాఫ్ట్‌వేర్ ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ క్లాక్‌ను మైనస్ 290 చేసి అప్లై కొట్టండి. ఏ వోల్టేజ్‌కు ఎంత క్లాకో చూపే గీత మొత్తం కిందికి దిగుతుంది. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి వోల్టేజ్ గీత తెరిచి, 850 దగ్గరున్న చుక్కను 1,800కు ఎత్తి మళ్లీ అప్లై కొట్టండి. దానికి కుడివైపున్న చుక్కలన్నీ అదే ఎత్తులో చదునుగా సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మొదట తగ్గించింది చాలలేదన్నమాట, మైనస్ 350 పెట్టి చూడండి. కార్డు చల్లగా ఉన్నప్పుడు గీత కొంచెం పైకి, వేడెక్కాక 15 మెగాహెర్ట్జ్ మెట్ల చొప్పున కిందికి జరుగుతుంది. అందుకే పావుగంట ఆట ఆడి, వేడి మీద సరిచూసి సేవ్ చేయండి.

దీన్ని ఫర్‌మార్క్ అనే కార్డు పరీక్ష ప్రోగ్రాంతో పరీక్షించి "స్టేబుల్" అనుకోవద్దు. ఫర్‌మార్క్ కార్డును పవర్ లిమిట్‌కు (కార్డుకు పెట్టిన గరిష్ఠ వాట్లకు) తాకిస్తుంది, క్లాక్ దిగిపోతుంది, మీరు పెట్టిన చుక్క అసలు పరీక్షకే రాదు. రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కగట్టి గీసే పద్ధతి) ఉన్న ఆటలు లోపాన్ని త్వరగా బయటపెడతాయి. ఆట చప్పుడు లేకుండా డెస్క్‌టాప్‌కు పడిపోయినా, స్క్రీను నల్లబడి డ్రైవర్ తిరిగి లేచినా, క్లాక్‌ను 15 మెగాహెర్ట్జ్ తగ్గించండి, లేదా వోల్టేజ్ 25 మిల్లీవోల్టులు పెంచండి. రెండు మూడు రోజులు నిలిచేదాకా "విండోస్‌తో పాటు అమలు" బటన్ జోలికి పోవద్దు.

ఇంత ఓపిక లేనివాళ్లు పవర్ లిమిట్‌ను 75 శాతానికి లాగి వదిలేయొచ్చు. ఫలితం అండర్‌వోల్ట్ అంత బాగుండదు, కానీ క్రాష్ భయం లేదు. 115 వాట్ల 4060 లాంటి కార్డులకైతే ఈ కష్టమంతా దండగ, ఫ్రేమ్ క్యాప్ (సెకనుకు ఇన్ని ఫ్రేములే అనే హద్దు) చాలు. ఏఎండీ కార్డుల్లో ఒక మెలిక ఉంది. వాటి సాఫ్ట్‌వేర్ అడ్రినలిన్‌లో వోల్టేజ్ ఒక్కటే దించితే, మిగిలిన పవర్‌ను కార్డు క్లాక్ పెంచుకోవడానికి వాడేస్తుంది. వేడి అలాగే ఉంటుంది. వోల్టేజ్‌తో పాటు పవర్ లిమిట్ కూడా దించాలి. ఇంకొకటి: 6000 సిరీస్‌లో తెరమీద కనిపించే వాట్లు చిప్‌వి మాత్రమే, బోర్డు మొత్తానివి కావు. 6700 ఎక్స్‌టీ 230 వాట్ల కార్డు, సాఫ్ట్‌వేర్ అంతకన్నా బాగా తక్కువ చూపిస్తుంది. అది చూసి ఎన్‌విడియాతో పోల్చి మురిసిపోవద్దు. ప్లగ్గుకు పెట్టే వాట్‌మీటరే నిజం చెబుతుంది.

ఫ్రేమ్ క్యాప్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. క్యాప్ లేకపోతే కొన్ని ఆటల మెనూ స్క్రీన్లు కూడా వందల ఫ్రేములు గీస్తూ కార్డును పూర్తి వాట్లకు తోస్తాయి. 144 హెర్ట్జ్ మానిటర్, జీ-సింక్ (మానిటర్‌ను కార్డు ఫ్రేములతో కలిపి నడిపేది) ఉంటే 141 దగ్గర కట్టేయండి. కథ నడిచే సింగిల్ ప్లేయర్ ఆటలకు 90 ధారాళం. ఎన్‌విడియా సెట్టింగుల్లో "బ్యాక్‌గ్రౌండ్ అప్లికేషన్ మ్యాక్స్ ఫ్రేమ్ రేట్" అని విడిగా ఉంటుంది, దాన్ని 30 చేయండి. ఆ తర్వాత నీడలు, పొగమంచు లాంటి వాల్యూమెట్రిక్ ఎఫెక్టులు అల్ట్రా నుంచి హైకి దించండి. తేడా స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే తప్ప కనపడదు. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) క్వాలిటీ పెట్టినా ఫ్రేమ్ క్యాప్ లేకపోతే వాట్లు తగ్గవు, ఫ్రేములే పెరుగుతాయి. రెండూ కలిపి వాడాలి.

ప్రాసెసర్ విషయం క్లుప్తంగా. రైజెన్ 7000 ఎక్స్ రకాలు 95 డిగ్రీలకు పోవడం జబ్బు కాదు, అలా పనిచేసేలా చేసినవే. అయినా బయోస్‌లో 65 వాట్ల ఈకో మోడ్ పెడితే గరిష్ఠ వాడకం 88 వాట్లకు దిగుతుంది, ఆటల్లో నష్టం నామమాత్రం. ఇంటెల్ 13, 14వ తరం కే రకాలకు అధిక వోల్టేజ్‌తో దెబ్బతినే లోపం ఉంది, అవి ఉన్నవాళ్లు దాన్ని సరిదిద్దే తాజా మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) ఉన్న బయోస్ వేసుకోవాలి. అది రాబోయే నష్టాన్ని ఆపుతుంది, ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగు చేయదు.

ఇప్పుడు గాలి. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి అదే ఆట, అదే చోట పావుగంట ఆడండి. కార్డు ఐదారు డిగ్రీలకు పైగా తగ్గితే తప్పు క్యాబినెట్‌ది: ముందు గాజు పలక, మూసుకుపోయిన ఫిల్టరు, లేదా గోడకు ఆనించి పెట్టిన వెనుక భాగం. తగ్గలేదంటే ఎన్ని ఫ్యాన్లు కొన్నా డబ్బు వృథా. ముందు రెండు లోపలికి, వెనుక ఒకటి బయటికి, ఈ మూడూ ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌కు సరిపోతాయి. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ప్రాంతాల్లో దుమ్ము ఊరికే పేరుకోదు, ఉప్పు తేమతో కలిసి రెక్కల మీద పెచ్చు కడుతుంది. ఫిల్టర్లను రెండు మూడు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోవచ్చు.

తలుపు తీసినా తగ్గని కార్డుకు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) చూడండి. మామూలు జీపీయూ ఉష్ణోగ్రతకూ దీనికీ 10–15 డిగ్రీల తేడా సహజం. 25 దాటిందంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసిన పేస్టు చిప్ అంచులకు జరిగిపోయిందని అనుమానించాలి. మళ్లీ మామూలు పేస్టే వేస్తే ఇక్కడి వేడికి అదే కథ. హనీవెల్ పీటీఎం7950 రేకు మేలు. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి అతుక్కుంటుంది, పేస్టులా జారిపోదు. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పైపొర తేలిగ్గా ఊడుతుంది, లేకపోతే రేకు చిరుగుతుంది. మెమరీ ప్యాడ్లు (మెమరీ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తలు) మార్చేటప్పుడు మందం పాతవాటితో సమానంగా ఉండాలి. 1.5 మిల్లీమీటర్ల చోట గట్టి 2 మిల్లీమీటర్ల ప్యాడ్ వేస్తే హీట్‌సింక్ చిప్‌కు ఆనదు, పని చెడుతుంది. 3080 లాంటి జీడీడీఆర్6ఎక్స్ కార్డుల్లో మెమరీ 110 దగ్గర తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అక్కడిదాకా పోతోందంటే లోపం చాలావరకు ప్యాడ్లలోనే. వారంటీ ఉన్న కార్డు అయితే స్క్రూ తిప్పకముందే షాపువాళ్లను అడగండి.

కేబుళ్ల విషయంలో పిసినారితనం వద్దు. ఒక 8-పిన్ కనెక్టర్ 150 వాట్లకు ఉద్దేశించినది. రెండు సాకెట్లున్న కార్డుకు ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) నుంచి రెండు విడి కేబుళ్లు లాగండి, ఒకే కేబుల్‌కున్న రెండు తలలు కాదు. కొత్త కార్డుల 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్ అయితే క్లిక్ అనేదాకా నొక్కి, తలకు 35 మిల్లీమీటర్ల లోపు వంచకుండా చూడండి. ఎక్కువగా సగం దిగిన కనెక్టర్లే కరిగిపోయేది.

ల్యాప్‌టాప్‌కు విండోస్ పవర్ ప్లాన్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే చాలా మోడళ్లలో టర్బో (అదనపు వేగం) ఆగిపోయి ప్రాసెసర్ బాగా చల్లబడుతుంది. వెనుక వైపు రెండు అంగుళాలు ఎత్తండి. పరుపు మీద పెట్టి ఆడేవాళ్లకు ఏ చిట్కా పనిచేయదు.

కరెంటు పోతే 600 వీఏ యూపీఎస్ మీద ఆట సాగుతుందనుకోవద్దు, దాని నిజమైన సామర్థ్యం సాధారణంగా 360 వాట్లే. ఇంటి ఇన్వర్టరైతే యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. మామూలు మోడ్‌లో అది మారే వ్యవధిని ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేక పీసీ రీస్టార్ట్ అవుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో ఇంకొక ప్రొఫైల్ చేసి, పవర్ లిమిట్ 50 శాతం పెట్టి, దానికో హాట్‌కీ ఇవ్వండి. ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే ఆర్‌టీఎస్‌ఎస్‌లో 60 ఫ్రేముల క్యాప్‌కు ఇంకో హాట్‌కీ. కరెంటు పోగానే ఆ రెండూ నొక్కితే సేవ్ పాయింటు దాకా వెళ్లే సమయం దొరుకుతుంది.