కొత్త బ్యాటరీ వేసినా సోమవారం పొద్దున కారు స్టార్ట్ కావట్లేదా?

కారు సెల్ఫ్ కొట్టకుండా టక్ టక్ టక్ అని ఊరుకుంటే ఎవరిని అడిగినా చెప్పేది ఒక్కటే, బ్యాటరీ పోయింది మార్చేయండి అని. మా బావకీ అదే చెప్పారు, మార్చేశాడు కూడా, నెల తిరక్కుండా మళ్ళీ అదే టక్ టక్. షాపులో ఈసారి "పీస్ తేడా వచ్చి ఉంటుంది సార్, క్లెయిమ్‌కి పంపిద్దాం" అన్నారట. రెండు బ్యాటరీలు ఒకేలా పోతే తప్పు బ్యాటరీది ఎట్లా అవుతుంది బావా అని నేను మల్టీమీటర్ (వోల్టులు, కరెంట్ కొలిచే మీటర్) పట్టుకుని కూకట్‌పల్లి వెళ్ళా.

ముందు ఒక విషయం గమనించండి, కారు ఎప్పుడు ఆగిపోతోంది అనేది. బావ రోజూ ఆఫీసుకి వేసుకెళ్తాడు, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. శుక్రవారం సాయంత్రం సెల్లార్‌లో పెట్టి సోమవారం పొద్దున తీస్తేనే సమస్య. అంటే నడిచినప్పుడు ఛార్జ్ ఎక్కుతోంది, ఆపినప్పుడు ఎక్కడో కారిపోతోంది. ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అయినా అనుమానం ఎందుకని జంపర్ వైర్లతో స్టార్ట్ చేసి కొలిచా. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి, మాకు 14.2 వచ్చింది, అంటే మన మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటర్ బాగానే పనిచేస్తోంది. టెర్మినల్స్ మీద తెల్ల పొడి కూడా లేదు (ఉంటే వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వాజెలిన్ రాయండి, చాలామందికి అక్కడితోనే అయిపోతుంది). తర్వాత బ్యాటరీని విప్పి రాత్రంతా ఛార్జర్‌కి పెట్టి, తీసి కొన్ని గంటలు వదిలేసి చూస్తే 12.6 నిలబడింది. ఫుల్ ఛార్జ్ అంటే అదే, 12.2 అంటే సగం, 12 కంటే కిందకొస్తే దాదాపు ఖాళీ. షాపుల్లో చేసే పొరపాటు ఇక్కడే, ఖాళీ అయిన బ్యాటరీని అలాగే లోడ్ టెస్టర్‌కి (బ్యాటరీ బలం చూసే మీటర్) పెడతారు, అది ఫెయిల్ అనక ఇంకేమంటుంది, ముందు ఫుల్ ఛార్జ్ చేసి కదా టెస్ట్ చేయాలి.

ఇక అసలు వేట. బండిలో అన్నీ ఆపేసి, 10 నంబర్ స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ విప్పి, మల్టీమీటర్ ఎర్ర వైర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, ఒక ప్రోబ్ (మీటర్ వైర్ కొన) విప్పిన కేబుల్‌కి ఇంకోటి బ్యాటరీ నెగటివ్ పోస్ట్‌కి పెట్టాలి, అంటే కారు తాగే కరెంట్ మొత్తం మీటర్ గుండానే పోవాలి. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్‌లో ఫ్యూజ్ ఎగిరిపోతుంది. డ్యాష్‌బోర్డ్ కింది ఫ్యూజుల కోసం డోర్ తీసి ఉంచాల్సి వస్తుంది కాబట్టి లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసేస్తే డోర్ మూసి ఉందని కారు అనుకుంటుంది, తర్వాత దాన్ని తీయడం మర్చిపోయి డోర్ ధబాల్న వేయకండి. పుష్ బటన్ బండి అయితే తాళం దూరంగా పెట్టండి. ఆ తర్వాత ఓ అరగంట టీ తాగి రండి, ఎందుకంటే లోపలి కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు, మొదట్లో ఎక్కువ చూపించి మెల్లగా తగ్గుతుంది.

మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల (0.05 ఆంపియర్లు) లోపు ఉండాలి. బావ కారుకి అరగంట తర్వాత కూడా 0.42 ఆంపియర్లు! లెక్క వేయండి, గంటకి 0.42 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే ఛార్జ్‌ని ఇందులోనే కొలుస్తారు) అంటే రోజుకి 10, బ్యాటరీ మొత్తం 35. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి 25 పోయాక ఇంక సెల్ఫ్ ఏం తిరుగుతుంది.

ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ మీటర్ చూడ్డమే. బానెట్ కింద బాక్స్‌లో ఏం దొరకలేదు, డ్యాష్‌బోర్డ్ కింద దాంట్లో ఆడియో ఫ్యూజ్ తీయగానే 0.03కి పడిపోయింది. నాకు వెంటనే అర్థమైంది, బావ దీపావళికి ఆండ్రాయిడ్ స్టీరియో వేయించాడు. దానికి పసుపు వైర్ ఎప్పుడూ కరెంట్ ఉండే లైన్‌కి, ఎర్ర వైర్ తాళం తిప్పితేనే వచ్చే లైన్‌కి కలపాలి. విప్పి చూస్తే సీట్ కవర్ల షాపులో వాళ్ళు రెండూ కలిపి పసుపుదానికే చుట్టేశారు, పైన టేపు. తాళం లేకుండా కూడా పాటలు వస్తాయని కస్టమర్ సంతోషిస్తాడు, స్క్రీన్ నల్లగా ఉన్నా లోపల సెట్టు మాత్రం రాత్రంతా మేలుకునే ఉంటుంది.

ఎర్ర వైర్ విడదీసి, సిగరెట్ లైటర్ ఫ్యూజ్ దగ్గర ట్యాప్ (ఫ్యూజ్ నుంచి ఇంకో లైన్ తీసుకునే క్లిప్) పెట్టి కలిపా (కొన్ని బండ్లలో ఆ సాకెట్‌కి తాళం తీసినా కరెంట్ వస్తుంది, ముందే చెక్ చేసుకోండి). మళ్ళీ కొలిస్తే 0.03. పాత బ్యాటరీ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడు, దాన్ని ఫుల్ ఛార్జ్ చేసి టెస్ట్ చేసి ఉంటే ఇంకొన్నాళ్ళు వచ్చేదేమో, ఆ డబ్బులు మాత్రం పోయినట్టే.

మీకు స్టీరియో కాకపోవచ్చు. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, డిక్కీలో ఆరని లైట్, ఇవి ముందు చూడండి. అన్ని ఫ్యూజులూ పీకినా కరెంట్ తగ్గకపోతే అప్పుడు డైనమో మీద అనుమానపడాలి, బ్యాటరీ విప్పేసి డైనమో వెనక లావు వైర్ తీసి టేపు చుట్టి మళ్ళీ కొలవండి, తగ్గిందంటే లోపల డయోడ్ (కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చే భాగం) పోయింది. అది మనం ఇంట్లో చేసేది కాదు, ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి, డయోడ్ ప్లేట్ మార్చి ఇస్తాడు, మొత్తం డైనమో మార్చాలంటే మాత్రం ఇంకో షాపులో కూడా అడిగి చూడండి.