తెరచాపల గోదాంలో హాస్టల్

"ఇది హాస్టలా!" అని గట్టిగానే అనేశాను.

కెనడాలోని కింగ్‌స్టన్‌లో, రాయల్ మిలిటరీ కాలేజీ ఆవరణలో, స్టోన్ ఫ్రిగేట్ ముందు నిలబడి ఉన్నాం. 1820 నాటి సున్నపురాతి భవనం. గోడ మీద చెయ్యి పెడితే ఉలి దెబ్బలు ఇంకా గరుగ్గా తగులుతున్నాయి. తలెత్తితే పై కిటికీలో ఎవరో క్యాడెట్ ఆరేసుకున్న తువ్వాలు.

1817లో బ్రిటన్, అమెరికా మహా సరస్సుల్లో యుద్ధనౌకలు తగ్గించుకుందామని ఒప్పందం చేసుకున్నాయి. అలా విప్పేసిన ఓడల తాళ్లు, తెరచాపలు, సామాన్లు దాచడానికి కట్టిన గోదాం ఇది. 1876లో కాలేజీ మొదలైంది, మొదటి బ్యాచ్ 18 మందితో. ఇప్పటికీ పిల్లలు ఇందులో పడుకుంటున్నారు, చదువుకుంటున్నారు.

కాస్త ముందుకెళ్తే ఫోర్ట్ ఫ్రెడరిక్, అందులో తీరం కాపలాకి కట్టిన గుండ్రటి బురుజు, మార్టెల్లో టవర్ అంటారు. 2007 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అదీ బాగుంది, కాదనను. కానీ నా మనసు మాత్రం ఈ హాస్టల్ దగ్గరే ఆగిపోయింది.

పాత కట్టడానికి తాళం వేస్తేనే కాపాడినట్టని నేను నమ్మను. మనుషులు ఉంటే కప్పు కారిన రోజే తెలుస్తుంది, కిటికీ విరిగితే ఎవరో ఒకరు అడుగుతారు.

ఎండాకాలంలో అమ్మానాన్న వస్తున్నారు. ఊళ్లోని మరో కోట, ఫోర్ట్ హెన్రీ, తర్వాత చూపిస్తా, ముందు ఇక్కడికే.